చేబదులు తెచ్చిన బూడిద

ఆ రోజు బడిలో కనకవల్లి నోరు తెరవలేదు.

తల్లిదండ్రుల మీటింగది. హాలు నిండా జనం. క్లాసు టీచరు జెబ ఒక డ్రాయింగు షీటును అందరికీ కనబడేట్టు పైకెత్తి పట్టుకుంది. వాన ఎట్లా పుడుతుందో చూపించే సైన్సు బొమ్మ. వేసింది కనకవల్లి కూతురు అక్షయ. సముద్రం, మబ్బులు, బాణం గుర్తులు అన్నీ చక్కగానే ఉన్నాయి. నీలం ఆకాశం నిండా మాత్రం చీమ తలకాయంత బూడిదరంగు చుక్కలు. ఒక మూల ఎవరో వేలితో దులపబోతే అలుక్కుపోయిన మరక.

"మీ అమ్మాయి చెయ్యి మంచిదేనమ్మా. శుభ్రమే లేదు," అంది జెబ టీచరు తమిళంలో. "షీటు చూస్తే ఇట్లా, కాలరు చూస్తే అట్లా. మీ ఇంట్లో కొళాయి రాదా? సబ్బు అమ్మే అంగడి లేదా మీ వీధిలో? నీట్‌నెస్ అని ఒక మార్కుంటుంది. అది నేను ఎక్కణ్ణించి తెచ్చి వెయ్యాలి?"

వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు.

"సరి టీచర్. ఇకమీదట చూసుకుంటా," అంది కనకవల్లి.

జవాబు తెలియక కాదు. అది మా మురికి కాదు టీచర్, పైనుంచి పడుతుంది అనొచ్చు. మేముండేది ఎన్నూరులో, బొగ్గుతో కరెంటు తీసే కేంద్రాల పొగగొట్టాల నీడలో, గాలి మళ్ళిందంటే జల్లెడ పట్టిన పిండిలాగా ఇంట్లోకి దిగుతుంది, తడి రంగు మీద పడితే ఇక వదలదు అనొచ్చు. బూడిద పడే చోట బతుకుతున్నామని అంతమంది ముందు చెప్పుకోవడం కంటే, శుభ్రం తెలియని ఆడదనిపించుకోవడమే ఆ నిమిషంలో ఆమెకు సులువనిపించింది. తల దించుకుని బయటికొచ్చి, బస్సు దిగిన చోట ఒక సబ్బు, ఒక గోళ్ళ కత్తిరి కొనుక్కుని ఇంటికి నడిచింది. ఆ అవమానానికి ఆమె ఇచ్చిన జవాబు అంతే.

కనకవల్లి పుట్టింది నగరం నడిమధ్య పార్క్‌టౌన్‌లో. తాతల కాలంనుంచీ ఇత్తడి పాత్రలు టోకున అమ్మిన తెలుగు కుటుంబం. ఆమె భర్త భక్తవత్సలం కొత్వాల్‌చావడి పక్క ఒక మిరపకాయల మండీలో లెక్కలు రాస్తాడు. అద్దె ఇళ్ళు మారి మారి విసిగి, సొంత గోడలుంటే చాలనుకుని ఎన్నూరులో రెండు గదులు కట్టుకున్నారు. కట్టేటప్పుడు అందరూ సముద్రం గాలి అన్నారు. గాలైతే వచ్చింది.

పొద్దున లేస్తే ఆమె చేతికి ముందు తగిలేది ముగ్గుపిండి కాదు, గుడ్డ. పాత నూలు చీర చింపిన గుడ్డ. తడిగుడ్డతో ఒకసారి, పొడిగుడ్డతో ఒకసారి. కిటికీ గట్టు, టీవీ, నీళ్ళ బిందె మూత, స్వామి పటం, చివరికి స్విచ్చులు కూడా. ఉతికిన బట్టలు మేడ మీద ఆరెయ్యదు. లోపల ఫ్యాను కింద ఆరేసి, ఆరగానే పాలిథిన్ కవర్లలో చుట్టి పెడుతుంది. వాకిట్లో వేసిన ముగ్గు, పిల్ల బస్సెక్కేలోగానే తెలుపు పోగొట్టుకుంటుంది.

ఆమె అక్క అలివేలుమంగ ఇప్పటికీ పార్క్‌టౌన్‌లోనే ఉంది. ఒకసారి వచ్చి కాఫీ రెండు గుక్కలు తాగి, "ఏమే కనకా, మీ ఇంట్లో కాఫీ తాగితే పండ్ల కింద కరకరమంటా ఉండాదే! చక్కెరా ఇది, ఇసకా?" అని అందరి ముందూ నవ్వింది. తర్వాత చుట్టాల్ని ఈ ఇంటికి పిలవడం కనకవల్లే మానేసింది. ఎవరడిగినా "మా పక్క అంత పడదు, గాలి అవతలికి కొడతాది" అనేది. చెప్పీ చెప్పీ, అదే బూడిద తింటున్న వీధివాళ్ళతో కూడా అదే అనేది. ఏటి మొగలో రొయ్యలు పట్టే కుటుంబంలోని పొన్నమ్మ ఎదురింట్లోనే ఉంటుంది. "మీ పక్కే ఎక్కువ పొన్నమ్మా, మా పక్క పరవాలేదు" అంటే, ఇరవై అడుగుల వీధికి రెండు పక్కలేమిటో ఆమెకు అర్థమయ్యేది కాదు.

ఇక అక్షయ. ప్లస్ వన్, అంటే పదకొండో తరగతి చదువుతోంది. రంగు ఆరేదాకా బూడిద పడకుండా ఉండడానికి మంచానికి దోమతెర కట్టుకుని, దాని లోపల కూర్చుని బొమ్మలు వేస్తుంది.

"ఊళ్ళో అందరూ దోమలకి తెర కడితే, మా ఇంట్లో దోమలు హాయిగా బయట తిరుగుతాయి, బొమ్మలు లోపల పడుకుంటాయి," అని భక్తవత్సలం హాస్యం.

"పో అప్పా. నువ్వు కూడా లోపలికి దా, నీ బొమ్మ వేస్తా."

"నన్నొద్దు తల్లీ. మిరపఘాటుకి నీ రంగులు తుమ్ముతాయి."

ఆ పిల్లకి ఈ ఏడాది ఒక అవకాశం వచ్చింది. బడి పిల్లల చిత్రాల మేళా ఒకటి ముంబైలో. ఈ బడినుంచి కొద్దిమందిని పంపుతారు. అక్కడ మ్యూజియాలు చూడొచ్చు, పెద్ద చిత్రకారుల చిత్రాలు దగ్గరినుంచి చూడొచ్చు, తమ బొమ్మలు మూడు గోడకి తగిలించొచ్చు. అంశం: మా చోటు. డ్రాయింగు టీచరు కలైవాణి మిస్ అక్షయని ఎంపిక చేసింది. చేసేముందు ఆమె వేసిన బొమ్మలన్నీ తిరగేసి ఒకే ఒక ప్రశ్న అడిగింది.

"ఈ నీలం ఆకాశం ఎక్కడిదమ్మా?"

"తెలీదు మిస్. ఆకాశమంటే అట్లాగే కదా వెయ్యాలి."

"మీ మేడ మీదికెక్కి, కనబడిందే వెయ్యి. ఈ క్యాలెండరు ఆకాశాలు ముంబైలోనూ దొరుకుతాయి."

అక్షయకి ముందు సిగ్గేసింది. ఆ మేడ మీదినుంచి ఏం కనబడుతుందో అంత దూరం పోయి చూపించాలా అని. తర్వాత పట్టుదల పుట్టింది. డబ్బాలో ఉన్న నలుపూ తెలుపూ కలిపి చూసింది, ఆ రంగు రాలేదు. అప్పుడు కిటికీ గట్టు మీద ఉన్న బూడిదనే వేలితో తీసి, తుమ్మబంక నీళ్ళల్లో కలిపి, కుంచెతో, కాగితం మీద ముందే వేసి ఉన్న లేత నీలం పైన పూసింది. వచ్చింది. అచ్చం వాళ్ళ ఆకాశమే. ఆరాక వేలితో తాకితే గరుకుగా కూడా ఉంది.

ఈ సంగతి తల్లికి మాత్రం చెప్పలేదు. తెల్లారి లేస్తే అమ్మ దేన్ని తుడిచి పారేస్తుందో, దాన్నే తను కాగితానికెక్కిస్తోంది. ఎట్లా చెబుతుంది? బొమ్మల మీద వార్తాపత్రికలు కప్పి, "తాకొద్దు మా, ఆరాల," అని మాత్రం అనేది.

తల్లి భయాలు వేరు. రైలు దగ్గరపడేకొద్దీ ఆమెకు బడిలో విన్న ఆ మాటే చెవిలో మోగేది.

"ఏమ్మే, ఆడ వేరే ఊళ్ళ పిల్లల పక్కన పండుకోవాల గదా. దిండు గలీబు నీదే పెట్టినా. వాళ్ళది మాపినావంటే ఏమనుకుంటారు?"

"అమ్మా, నేనేమన్నా బొగ్గు లారీలో పోతా ఉండానా?"

"చెవుల వెనక రుద్దుకుని పో. గోళ్ళు చూపించు."

"నిన్ననే చూస్తివి గదా మా!"

"నిన్నటివి నిన్న. ఈడ గోళ్ళు ఒక్క పూటలో నల్లబడతాయి."

కందిపొడి, మురుకులు, రైల్లోకి పులిహోర. యూనిఫారాలు ఒక్కొక్కటీ ఒక్కొక్క కవరులో, పైన మళ్ళీ పెద్ద కవరు. బూట్లకి కవరు. సంచికే ఒక కవరు. భక్తవత్సలం చూసి, "పిల్లని కూడా ఒక కవర్లో వేసి మూతి కట్టెయ్యరాదా?" అన్నాడు. ఎవరూ నవ్వలేదు.

వాళ్ళింట్లో ఒక ఆచారం ఉంది. మనిషి ప్రయాణమై గడప దాటాక, చేరినట్టు కబురు వచ్చేదాకా ఇల్లు ఊడవకూడదు, తడిగుడ్డ పెట్టకూడదు. పోయినవాళ్ళని తుడిచేసినట్టవుతుందని. కాబట్టి తుడవాల్సిందంతా ముందురోజే తుడవాలి. కనకవల్లి ఆ రోజు భర్త మండీకి, కూతురు ప్రయాణం జాగ్రత్తలు వినడానికి బడికి వెళ్ళాక, చీర కుచ్చిళ్ళు దోపుకుని పని మొదలెట్టింది. మేడ కడిగింది. కిటికీలు, తలుపు పైకమ్మీలు, ఫ్యాను రెక్కలు, బీరువా నెత్తి, తులసి ఆకులు. ఇంట్లో చిటికెడు బూడిద మిగల్లేదు.

చివరికి మిగిలింది దోమతెర మంచం. బొమ్మలు చుట్టి గొట్టంలో పెట్టాలి కదా, పిల్ల వచ్చేలోగా ఆ సాయం చేద్దామనుకుంది. వార్తాపత్రిక తీసింది.

కాగితం నిండా బూడిద. ఈ మూలనుంచి ఆ మూల దాకా. వేలు పెడితే గరగరలాడింది. తెర ఎప్పుడు తొలిగిందో, ఏ గాలి ఎటు మళ్ళిందో! ఇంత శ్రమపడి వేసిన బొమ్మలు ఇట్లాగే తీసుకుపోయి ముంబై గోడకి తగిలిస్తే? ఎవరి అమ్మాయమ్మా ఇది, ఇంట్లో సబ్బు లేదా అని అక్కడి టీచర్లు కూడా అడిగితే?

ఆమె స్వామి పటం తుడిచే మెత్తటి గుడ్డ తీసుకుంది. తడిపి, గట్టిగా పిండి, పసిబిడ్డ ముఖం తుడిచినంత నెమ్మదిగా తుడవడం మొదలెట్టింది. వచ్చింది. వస్తూనే ఉంది. గుడ్డ మడత మార్చి మళ్ళీ తుడిచింది. అడుగునుంచి పెన్సిలు గీతలు, లేత నీలం బయటపడుతుంటే, అసలు బొమ్మ ఇదే కాబోలనుకుంది. ఒకటి అయింది. ఎంత శుభ్రంగా ఉందో! కిటికీ వెలుతురులో పెట్టి చూసుకుని మురిసిపోయింది.

రెండోది తీసింది. సగం తుడిచాక చెయ్యి ఆగిపోయింది.

అది కిటికీ. కిటికీ దగ్గర ఒక ఆడమనిషి వీపు. కుచ్చిళ్ళు దోపుకుని, ఒక చెయ్యి కిటికీ గట్టు మీద ఆనించి, ఇంకో చెయ్యి పైకెత్తి ఉంది. జడ కొస దగ్గర రబ్బరు బ్యాండు. తను రిబ్బను కట్టుకునే తీరిక లేక వేసుకునే రబ్బరు బ్యాండు. పైకెత్తిన ఆ చేతిలో ఏముందో ఇప్పుడు కనబడడం లేదు. ఆ చెయ్యి ఇప్పుడే ఈ గుడ్డలోకి పోయింది.

బూడిద మీద పడలేదు. బూడిదతోనే వేసింది పిల్ల.

మూడో బొమ్మని తాకకుండా వార్తాపత్రిక కప్పేసి, కనకవల్లి గుడ్డని వెనక్కి దాచుకుని నేల మీద కూర్చుండిపోయింది. అక్షయ వచ్చేసరికి అట్లాగే ఉంది.

పిల్ల మంచం వైపు చూసింది. సంచీ కింద పడేసింది.

"ఏమయింది మా?"

"గాలికి... తెర తొలిగినాది. బూడిద పడి చెడిపోయినాది."

అబద్ధం. నలభై దాటిన మనిషి, కన్నకూతురి ముందు.

"బూడిద పడితే పోతుందా మా?" అంటూ అక్షయ కాగితం మీదికి వంగింది. "పడితే ఎక్కువ గదా అవుతుంది?"

కనకవల్లి వెనకనుంచి గుడ్డ తీసి ముందు పెట్టింది. ముఖం ఎత్తలేదు.

"నాకు తెలీదు పాపా. మురికనుకున్నా. నువ్వు పోయిన చోట ఎవరూ నిన్ను మాట అనకూడదని..."

"ఎన్ని దినాలుగా వేస్తా ఉండానో తెలుసా? తాకొద్దంటి గదా! నువ్వు తుడవకుండా ఒక్క వస్తువన్నా వదలవా మా ఈ ఇంట్లో?" అని అరిచి, తర్వాత అరవడం ఆపేసి, "నేను పోను. ఒక్క బొమ్మ పట్టుకుని ఏ మొగం పెట్టుకుని పోయేది? మిస్‌తో చెప్పేస్తా," అని మోకాళ్ళలో తల పెట్టుకుంది.

పోను అన్న మాటతో కనకవల్లి లేచింది. ఇంకా ఎండ ఉంది. రైలు రేపు సాయంత్రం. మళ్ళీ వెయ్యడానికి రేపు పొద్దున ఉంది.

"మళ్ళా వెయ్యి. తుడిచిందాన్నే తెచ్చిస్తా," అని కిటికీ గట్టు మీద వేలు పెట్టింది. వేలికి ఏమీ అంటలేదు. బీరువా నెత్తి మీద చూసింది. ఫ్యాను రెక్కలు చూసింది. ఎన్నూరులో, ఆ వీధిలో, చిటికెడు బూడిద లేని ఇల్లు ఆ రోజుకి అదొక్కటే. దాన్ని అట్లా చేసింది తనే. కడిగిన నీళ్ళు కాలవలో పోయాయి.

ఎవర్‌సిల్వర్ గిన్నె ఒకటి తీసుకుని వీధి దాటింది. ఆ నాలుగు అడుగులు వేసేటప్పుడు పడ్డ సిగ్గు బడిలో కూడా పడలేదంటుంది ఆమె, ఇది నాకు చెబుతూ.

పొన్నమ్మ గడప మీద కూర్చుని రొయ్యలు వలుస్తోంది.

"దా అక్కా. ఏం కావాల? పులుపా, పెరుగు తోడా?"

"పొన్నమ్మా, మీ ఇంట్లో... బూడిద ఉండాదా?"

"పొయ్యి బూడిదా? గ్యాసు వచ్చి యెన్నేండ్లయింది కా!"

"పొయ్యిది కాదు. పైనుంచి పడేది."

పొన్నమ్మ చేతిలో రొయ్య చేతిలోనే ఉంది. ముందు కళ్ళు పెద్దవి చేసింది, తర్వాత భుజాలు కదిలేట్టు నవ్వింది.

"అయ్యో అక్కా! ఇన్నాళ్ళూ 'మా పక్క పడదు, మీ పక్కే' అంటివే! ఇప్పుడు మీ పక్క స్టాకు లేదా? దా, దా. ఇది రేషను సరుకు, కార్డు కూడా అడగరు. నీళ్ళ తొట్టి మూత మీద పాతది ఉండాది, రేకుల మీద కొత్తది ఉండాది. నా మొగుడి పడవ టార్పాలిను మీద ఫస్టు క్వాలిటీ. ఏది కావాల?"

పక్కింటివాళ్ళు తలలు బయటపెట్టారు. కనకవల్లి చెవులు కాలిపోయాయి. గిన్నె కొంగుతో కప్పుకుంది. కప్పుకుని ఏం లాభం? అడిగేశాక.

"నవ్వు పొన్నమ్మా. నీకు అబద్ధం చెప్తా వచ్చినా. మా పక్క కూడా పడతాది. నీకంటే ఎక్కువే పడతాది. నా బిడ్డ దాంతో బొమ్మ వేసింది, బొంబాయికి తీసుకుపోను. నేను తుడిచేసినా."

పొన్నమ్మ నవ్వు ఆగిపోయింది. చేతులు ఒళ్ళో పరుచుకున్న పాత లుంగీ గుడ్డకి తుడుచుకుని లేచింది. రేకుల అంచునుంచి అట్టముక్కతో గోకి గిన్నెలో పోసింది.

"పాప మన బూడిదని బొంబాయికి తీసుకుపోతా ఉండాదా?" అంది. ఇంకొంచెం గోకి పోస్తూ, "ఏటిని కూడా వెయ్యమను కా. నీళ్ళల్లో చెయ్యి పెడితే మోచేతి దాకా ఈ రంగే," అంది.

కనకవల్లి వెనక్కి తిరిగేసరికి ఇంకో ఇద్దరు గిన్నెలు, కొబ్బరి చిప్పలు పట్టుకుని వచ్చారు. "మా తొట్టి మీదిది నల్లగా ఉంటుంది, ఇదీ తీసుకో" అని ఒకామె. "మాది మెత్తన" అని ఇంకొకామె. పండక్కి పిండివంటలు ఇచ్చిపుచ్చుకున్నట్టు. అక్షయ గుమ్మంలో నిలబడి చూస్తోంది. ముక్కు ఎర్రగా ఉంది గానీ, నల్లటి బూడిద ఉన్న చిప్పలో వేలు ముంచి, వెలుతురుకి పెట్టి, "ఇది వేరే షేడ్ మా," అంది.

ఆ సాయంత్రం మండీనుంచి వచ్చిన భక్తవత్సలం వంటింటి గట్టు మీద వరసగా పెట్టిన బూడిద గిన్నెలు చూసి, "ఏమి, ఈ రోజు విభూది ప్రసాదమా?" అన్నాడు. సంగతి విన్నాక, దోమతెర చిరుగు ఒకటుంటే సూదీ దారం తెచ్చుకుని కుడుతూ కూర్చున్నాడు.

మర్నాడు పొద్దున పిల్ల మొదటి బొమ్మ మళ్ళీ వేసింది. తల్లి బంక నీళ్ళు కలిపి ఇచ్చింది, తెర అంచు పట్టుకుంది. మేడ, రేకుల కప్పులు, వాటి వెనక పొగగొట్టాలు. పొన్నమ్మ అడిగిన ఏరు ఒక మూల చేరింది. రెండో బొమ్మలో పోయిన చెయ్యిని మాత్రం మళ్ళీ వెయ్యలేదు. టైము చాలకనో, కావాలనో నేను అడగలేదు. కిటికీ ముందు ఆ ఆడమనిషి భుజం దగ్గర, గుడ్డ లాగిన చార ఒకటి అర్ధచంద్రంలాగా అట్లాగే ఉండిపోయింది.

సాయంత్రం సెంట్రల్ స్టేషను. పిల్లల్ని ముంబై తీసుకువెళ్ళేది కలైవాణి మిస్, జెబ టీచరు. జెబ టీచరు గొట్టంలోంచి ఒక బొమ్మ కొంచెం లాగి చూసింది. బొటనవేలికి అంటుకుంది. చేతిరుమాలుతో తుడుచుకుంది.

"అక్షయా, ఇప్పుడు కూడానా?"

కనకవల్లి ఇంటినుంచి ఒక వాక్యం తయారుచేసుకుని వచ్చింది. బస్సంతా నోట్లోనే చెప్పుకుంది. అది గొంతు దాటి రాలేదు. తల దానంతటదే వంగింది.

"అది రంగు, మిస్," అంది అక్షయ. "మా ఇంటిమీద పడేదే. ఆ రోజు సైన్సు షీటు మీద పడింది కూడా ఇదే."

జెబ టీచరు ఏదో అనబోయింది. బండి కదిలే వేళయిందని కలైవాణి మిస్ తొందరపెట్టింది. టీచరు చేతిరుమాలు మడిచి సంచీలో పెట్టుకుంది, అంతే. క్షమించమనలేదు. ఆమె మనసులో ఏమనుకుందో కనకవల్లికి తెలీదు, నాకూ తెలీదు.

పిల్ల గడప దాటింది కాబట్టి ఇక తడిగుడ్డ పెట్టకూడదు. మర్నాటి పొద్దుటికి కిటికీ గట్టు మీద సన్నగా పరుచుకుంది. టీవీ మీద, బిందె మూత మీద. కనకవల్లి చెయ్యి గుడ్డ కోసం పోయేది, వెనక్కొచ్చేది. ఇంతకాలం ఆ ఇంట్లో ఎంత పడుతుందో ఆమెకే తెలీదు. పడినది పడినట్టు ఉండనిస్తే కదా.

ఆ స్థితిలో అక్క అలివేలుమంగ వచ్చింది, చెప్పాపెట్టకుండా, పిల్ల ప్రయాణం బాగా జరిగిందా అని అడగడానికి. కుర్చీలో కూర్చోబోయి, చెయ్యి తీసి చూసుకుంది.

"ఏమే ఇది! ఇల్లా, సున్నం బట్టీయా? గుడ్డ తీసుకుని రా."

కనకవల్లి ముఖం మళ్ళీ అట్లాగే కాలింది. ఫ్యాక్టరీలో ఏదో మరమ్మతు, ఈ ఒక్క రోజే ఇట్లా అని చెప్పే అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది.

"తుడవకూడదక్కా. బిడ్డ ఇంకా పోయి చేరలే," అంది. "ఈ దినం ఒక్కటే కాదు. రోజూ ఇంతే పడతాది. మా పక్క కూడా పడతాది. నీ కాఫీలో పడింది కూడా ఇదే. అట్లాగే కూర్చో."

అలివేలుమంగ కొంగుతో కుర్చీ దులపబోయి, మానేసి, కూర్చుంది. కాఫీ తాగింది. కరకరమన్నదో లేదో ఈసారి చెప్పలేదు.

కనకవల్లి ఈ సంగతులు నాకు వాకిట్లో కూర్చుని చెప్పింది. మొదట పేరు రాయొద్దంది. తర్వాత, రాయమంది. ఆమె సిగ్గు పోయిందని నేను చెప్పను. ఇప్పటికీ ఎవరైనా ఇంటికొస్తే గుడ్డ కోసం లేస్తుంది. ఆమె తప్పు ఇందులో ఎక్కడుందో ఎంత వెతికినా నాకు కనబడలేదు. సిగ్గుపడాల్సినవాళ్ళు తెల్లచొక్కాలేసుకుని, ఈ బూడిద చేరని పేటల్లో, కిటికీలు తెరిచి పెట్టుకుని హాయిగా నిద్రపోతున్నారు. వాళ్ళ భాగం సిగ్గు కూడా ఈ ఆడవాళ్ళే రోజూ గుడ్డతో ఎత్తిపోస్తున్నారు.

అందుకే ఇది చదివిన మిమ్మల్ని అడుగుతున్నాను. మీరు టీచరైతే, మరకల కాగితం తెచ్చిన పిల్లని సబ్బు గురించి అడిగేముందు, మీ ఇల్లెక్కడమ్మా అని అడగండి. మీరు ఈ నగరంలో ఎక్కడున్నా సరే, ఒక ఆదివారం ఎన్నూరు రండి. వచ్చేటప్పుడు ఒక తెల్ల కాగితం తెచ్చుకోండి. పొన్నమ్మ గడప మీద ఒక పూట పెట్టి, దాన్ని దులపకుండా తీసుకుపోయి మీ కౌన్సిలరు బల్ల మీద, మీ ఎమ్మెల్యే బల్ల మీద పెట్టండి. ఇది ఏమిటని వాళ్ళు అడిగేదాకా అక్కడే నిలబడండి. ఇంకో పొగగొట్టానికి అనుమతి కోసం ప్రజాభిప్రాయ సభ పెట్టినప్పుడు వచ్చి మా ఎన్నూరువాళ్ళ వరసలో కూర్చోండి. ఆ సభలో కనకవల్లి మాట్లాడతానంది. సెంట్రల్ స్టేషన్లో లాగా మళ్ళీ గొంతు పెగలకపోవచ్చు. పక్కన మనుషులుంటే పెగులుతుంది. రండి.